పాదం చవకైంది, మరి మోకాలి సంగతి?

2025 జూలై 14న బీబీనగర్ ఎయిమ్స్‌లో ఒక కృత్రిమ పాదాన్ని విడుదల చేశారు. కంచన్‌బాగ్‌లో క్షిపణులకు ప్రాణం పోసే డీఆర్‌డీఎల్ శాస్త్రవేత్తలు, ఎయిమ్స్ వైద్యులు కలిసి రూపొందించిన కార్బన్ ఫైబర్ పాదం అది. ‘అడిడాక్’ అని పేరు పెట్టారు. 125 కిలోల బరువు దాకా పరీక్షించి చూశారు. మనిషి బరువును బట్టి మూడు రకాలు చేశారు. విదేశాల నుంచి వచ్చే ఇలాంటి పాదం దాదాపు రెండు లక్షల రూపాయలు పలుకుతుంటే, దీని తయారీ ఖర్చు 20 వేల లోపే ఉంటుందన్నారు.

సంతోషించాల్సిన వార్తే. కాకపోతే కాళ్లు అమర్చడమే వృత్తిగా ఉన్న ప్రోస్థెటిస్టులకు పాదం రెండో విషయం. మోకాలి కింద కాలు తీసేసిన మనిషి ఎదుట కూర్చోగానే వాళ్లు ముందు చూసేది మోకాలిని. పూర్తిగా చాపగలడా? ఎంతవరకు మడవగలడు? పక్కలకు ఊగుతోందా? లోపల అరిగిపోయిందా? పోయింది మోకాలి కింద. కానీ బరువు మోసేదీ, అడుగు వేయించేదీ, చివరికి నొప్పి పడేదీ ఆ మోకాలే. కృత్రిమ కాలి చరిత్రలో ఏ మలుపు చూసినా ఒకటే తగువు కనిపిస్తుంది: మోకాలిని ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు హైదరాబాద్ రాయదుర్గం దాకా వచ్చింది. 2022 జూన్‌లో స్టార్టప్‌ల కోసం కొత్త టీ-హబ్, 2023 మార్చి 2న దాని పక్కనే నమూనాలు చేసుకునే టీ-వర్క్స్ తెరుచుకున్నాక, ఒక వస్తువును ఊహించుకుని నమూనా చేయించుకోవడానికి నగరంలో ఇంతకన్నా మంచి చోటు లేదు. త్రీడీ ప్రింటర్లు, సీఎన్‌సీ యంత్రాలు, సర్క్యూట్ బోర్డులు చేసే సరంజామా అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడికి మోకాలి కింది కాలు తేలిక లెక్కలాగే కనిపిస్తుంది. మోకాలి కీలు చేయనక్కర్లేదు, అది రోగికి ఉంది. పైన ఒక గిన్నె, మధ్యలో ఒక గొట్టం, కింద ఒక పాదం. అంతేగా! అంతే అయితే 1696లోనే పని అయిపోయేది.

ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ పీటర్ వెర్‌డైన్ ఒక కొత్త రకం కాలు చేయించాడు. అంతకుముందు మోకాలి కింద కాలు పోయినవాడు, ఉన్న మోకాలిని మడిచి కొయ్యకాలి మీద ఆనించి, నేల మీద మోకరిల్లినట్టు నడిచేవాడు. మోకాలు ఉండీ లేనట్టే. వెర్‌డైన్ మోకాలికి రెండు పక్కలా కీళ్లున్న కడ్డీలు పెట్టి, వాటిని తొడకు బిగించిన తోలు పట్టాకు తగిలించాడు. బరువులో చాలా భాగం తొడ తీసుకుంటుంది, మోకాలు స్వేచ్ఛగా మడుచుకుంటుంది. ఎంత మంచి ఆలోచన అంటే, ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకు పైగా పెద్దగా మార్పు లేకుండా అదే నడిచింది. దాని లోపాలూ అన్నేళ్లూ నడిచాయి. తోలు పట్టా కింద తొడ కండరాలు చిక్కిపోయేవి. ఎండాకాలం చెమట, వాసన. కడ్డీల కీలు ఒక ఇరుసు మీద తిరుగుతుంది, మనిషి మోకాలు అలా తిరగదు, మడిచేకొద్దీ దాని ఇరుసు జరుగుతూ పోతుంది. ఆ తేడా వల్ల అడుగడుగునా మొండికాలు గిన్నెలో పైకీ కిందికీ రాసుకునేది.

దీన్ని మార్చిన మలుపు ఒక సివిల్ ఇంజినీరు కాలుతో మొదలైంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ ఎబర్‌హార్ట్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. 1944లో విమానాల రన్‌వేల పటుత్వాన్ని పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో ఆయన కాలు పోయింది. తనకు పెట్టిన కొయ్యకాలును ఇంజినీరు కళ్లతో చూశాడు. వెర్న్ ఇన్‌మన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్‌తో చేతులు కలిపి, అసలు మనిషి ఎలా నడుస్తాడన్నదే కొలవడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి కాళ్లూ చేతులూ పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికుల కోసం అమెరికా అప్పుడే పరిశోధనకు డబ్బు పెడుతోంది. ఆ ప్రయోగశాల నుంచే 1950ల చివర ఛార్లెస్ రాడ్‌క్లిఫ్, జేమ్స్ ఫూర్ట్ అనే ఇద్దరు కొత్త గిన్నెను, అంటే సాకెట్‌ను బయటకు తెచ్చారు. దాన్ని ఎలా చేయాలో వివరించే పుస్తకం 1961లో వచ్చింది. వృత్తిలో ఉన్నవాళ్లు నేటికీ ‘పీటీబీ’ అని పిలిచేది దాన్నే.

దాని కిటుకు తెలియాలంటే మీ మోకాటి చిప్ప కింద బొటనవేలితో నొక్కి చూడండి. చిప్పకూ ముంగాలి ఎముకకూ మధ్య ఒక గట్టి పట్టీ తగులుతుంది. అదే పటెల్లార్ టెండన్, పీటీబీలో మొదటి రెండు అక్షరాలు దానివే. అక్కడ ఎంత నొక్కినా పెద్దగా నొప్పి ఉండదు. ఇప్పుడు వేలిని కాలి బయటివైపుకు, కాస్త కిందికి జరపండి. గోళీకాయంత ఎముక బుడిపె ఉంటుంది. దాని పక్కనుంచే ఒక నరం పోతుంది. అక్కడ నొక్కితే జివ్వుమంటుంది. రాడ్‌క్లిఫ్, ఫూర్ట్ చేసింది ఈ తేడాను నమ్ముకోవడమే. ఓర్చుకునే చోట సాకెట్ గోడ లోపలికి పొడుచుకు రావాలి, ఓర్వలేని చోట గోడ దూరంగా జరగాలి. సాకెట్‌ను కొన్ని డిగ్రీలు ముందుకు వంచి అమర్చితే మోకాలు కొద్దిగా మడిచి ఉంటుంది, ఆ పట్టీ మీద బరువు నిలుస్తుంది. తొడ పట్టా, కడ్డీలు, తోలు అన్నీ పోయాయి. మోకాలి మీద ఒక చిన్న పట్టీ మిగిలింది.

ఇక్కడే ఒక షరతు చప్పుడు లేకుండా వచ్చి చేరింది. వెర్‌డైన్ కాలు మోకాలి బరువును తొడకు పంచేది. పీటీబీ ఆ బరువంతా తెచ్చి మోకాలి దగ్గరే పెట్టింది. మోకాలు గట్టిగా ఉంటే ఇది వరం. లేకపోతే? ఆ తర్వాతి అర్ధశతాబ్దం పరిశోధన చాలావరకు ఈ ‘లేకపోతే’ చుట్టూనే తిరిగింది. 1960ల్లోనే ఫ్రాన్స్‌లో, జర్మనీలో సాకెట్ గోడలను తొడ ఎముక గుబ్బల పైదాకా పెంచి, పక్కలకు ఊగే మోకాలిని పట్టి ఉంచేలా చేశారు. 1980ల్లో ఐస్‌లాండ్‌కు చెందిన ఓసుర్ క్రిస్టిన్‌సన్ సిలికాన్ తొడుగు తెచ్చాడు. దాంతో బరువు ఒక చోట కాకుండా మొండికాలంతటా పరుచుకోవడం వీలైంది.

మన దేశం లెక్క వేరు. అమెరికాలో కాలు బూటులోకి వెళ్తుంది. మన రైతు చెప్పుల్లేకుండా పొలంలోకి వెళ్తాడు, బాసింపట్టు వేసుకుని అన్నం తింటాడు, గొంతుక్కూర్చుని పని చేస్తాడు. జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, బడి చదువు పెద్దగా లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి 1960ల చివర రబ్బరు పాదం చేశారు. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి దాన్ని ఊరూరికీ, ఉచితంగా చేర్చింది. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. తెలుగువాళ్లకు మాత్రం జైపూర్ కాలు అనగానే గుర్తొచ్చేది నర్తకి సుధాచంద్రన్. సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’ 1985లో చూసినవాళ్లు ఆమె పాదం గురించే మాట్లాడుకున్నారు. నాట్యం తెలిసినవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. భరతనాట్యానికి ఆధారం అరమండి, అంటే మోకాళ్లు మడిచి నిలబడటం. ఆమె కాలు మోకాలి కింద తీశారు కాబట్టి ఆ మోకాలు ఆమెదే. అదే పైన తీసి ఉంటే ఎంత గొప్ప పాదం పెట్టినా అరమండి కష్టం. నడకలో ఖర్చయ్యే శక్తీ అంతే: మోకాలి కింద పోయినవాళ్లకు మామూలుకంటే పావు వంతు అటూఇటూగా ఎక్కువైతే, పైన పోయినవాళ్లకు సగానికి మించి ఎక్కువవుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మోకాలు ఎంత పాడైనా సరే, సర్జన్లు దాన్ని వదులుకోవడానికి ఇష్టపడకపోవడానికి కారణమిదే.

మోకాలి సమస్యలో హైదరాబాద్ చేయి పెట్టింది మాత్రం కృత్రిమ కాలుతో కాదు, క్యాలిపర్లతో. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, పంజాగుట్టలో దిగితే నిమ్స్. ఒకప్పుడది నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్, ఎముకల వైద్యం కోసమే పుట్టింది. అబ్దుల్ కలాం 1982లో డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. 1989 మే 22న అగ్ని క్షిపణి మొదటిసారి ఎగిరింది. నిమ్స్‌కు చెందిన ఒక ఆర్థోపెడిక్ సర్జన్ డీఆర్‌డీఎల్ ల్యాబ్‌కు వచ్చి, అగ్ని కోసం చేసిన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారట. కలాంను వెంటబెట్టుకుని వెళ్లి తన వార్డు చూపించారు. పోలియో వచ్చిన పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకు పైగా బరువుండే ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్ చేసి ఇచ్చామని కలాం ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

బరువు తగ్గిన ముచ్చట అందరికీ తెలుసు. అది పనిచేసే తీరు గురించి ఎవరూ చెప్పరు, నాకైతే అసలు అందం అక్కడే కనిపిస్తుంది. దాని పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. పోలియోతో తొడ కండరం బలం పోయిన పిల్లాడికి నిలబడగానే మోకాలు ముందుకు కుంగుతుంది. ఈ పరికరం చీలమండను కదలకుండా పట్టి, మోకాలి కింద ముందువైపు ఒక పలక ఆనిస్తుంది. పిల్లాడి బరువు వేళ్ల మీదికి వచ్చేసరికి, నేల తిరిగి పైకి తోసే బలం ఆ పలక ద్వారా మోకాలిని వెనక్కి నెడుతుంది. కండరం చేయలేని పనిని నేల చేసిపెడుతుంది. మోటారు లేదు, స్ప్రింగు లేదు.

కృత్రిమ కాలికీ ఇదే సూత్రం. సాకెట్ కింద పాదం ఎక్కడుందో, మడమ ఎంత మెత్తగా ఉందో, ముందుభాగం ఎంత బిరుసుగా ఉందో, అవే మోకాలిని ఆడిస్తాయి. పాదాన్ని కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపితే నేల మోకాలిని వెనక్కి నెడుతుంది. మడమ గట్టిగా ఉంటే అడుగు పడగానే మోకాలు ముందుకు తూలుతుంది. తొడ బలహీనంగా ఉన్న మనిషికి మెత్తటి మడమ కావాలి, పాదం కాస్త ముందుండాలి. మోకాలు వెనక్కి విరుచుకుపోయేవాడికి దాదాపు ఇందుకు వ్యతిరేకం చేయాలి. మోకాలు బయటికి వంగిపోతుంటే పాదాన్ని పక్కకు జరపాలి. ఇప్పటి మాడ్యులర్ కాళ్లలో ఇదంతా నాలుగు మరలు, ఒక అలెన్ కీ. కింద ఒక మర కొద్దిగా తిప్పితే పైన మోకాలి నొప్పి పెరగొచ్చు, తగ్గొచ్చు. గొట్టాన్ని వేడిచేసి సాగదీసి ఒక్క రోజులో కట్టి ఇచ్చే శిబిరపు కాళ్లలో ఈ వెసులుబాటు తక్కువ. లక్షల మందిని నిలబెట్టిన శిబిరాలను తప్పుపట్టడానికి కాదు ఈ మాట. మోకాలు బాగున్నవాడికి ఒక్క రోజు చాలు, బాగాలేనివాడికి చాలదు, అంతే.

బాగాలేని మోకాళ్లలో ఎక్కువగా కనిపించేది, ఎక్కువగా మనమే చేసిపెట్టేది ఒకటుంది. ఆపరేషన్ అయిన మనిషికి నొప్పి. పాపం, సుఖంగా ఉంటుందని మొండికాలి కింద దిండు పెడతారు. తర్వాత వారాల తరబడి కుర్చీలోనో మంచం అంచునో కాలు వేలాడేసి కూర్చుంటాడు. మోకాలి వెనక కండరాలు పొట్టివై బిగుసుకుంటాయి. నెలా రెండు నెలలకు కాలు పెట్టించుకుందామని వెళ్తే మోకాలు చాపుకోదు. పది, పదిహేను డిగ్రీల వంకర అయితే ప్రోస్థెటిస్ట్ సాకెట్‌ను ఆ వంకరకు తగ్గట్టు ఇంకాస్త ఎక్కువ వంచి, పాదాన్ని సరిచేసి నడిపించగలడు. 25 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి మామూలు సాకెట్ మొరాయిస్తుంది. ఇక ముందు ఫిజియోథెరపీ, అప్పటికీ లొంగకపోతే సర్జరీ, అదీ కాదంటే వంగిన మోకాలి మీదే బరువు ఆనించే కాలు. అంటే వెర్‌డైన్‌కు ముందటి కాలంలోకి పోవడమే.

వంకరే కాదు, కీళ్లవాతంతో అరిగిన మోకాళ్లు, ప్రమాదంలో కాలుతో పాటు లిగమెంట్లు తెగిన మోకాళ్లు, మొండికాలు మరీ పొట్టిదై సాకెట్‌కు పట్టు దొరకని మోకాళ్లు ఉంటాయి. షుగర్‌తో కాలు పోయిన పెద్దవాళ్లకు తోడుగా స్పర్శ కూడా పోయి ఉంటుంది. సాకెట్ కరుస్తున్నా తెలియదు. వీళ్ల కోసం మంచి ప్రోస్థెటిస్టులు ఇప్పటికీ అటక మీంచి దించే పాత వస్తువు ఏమిటో తెలుసా? వెర్‌డైన్ తొడపట్టా, పక్క కడ్డీలు. పీటీబీ వచ్చి తీసి పారేసిందనుకున్నదే, మోకాలు బరువు మోయలేనప్పుడు దాన్ని మించింది లేక మళ్లీ వస్తుంది. తోలు బదులు ప్లాస్టిక్, ఇనుము బదులు తేలిక లోహం, అదే ఉపాయం.

సాకెట్ చేసే పని దగ్గరుండి చూస్తే ఎక్కువ భాగం చేతులతో జరుగుతుంది. మొండికాలికి పల్చటి సాక్స్ తొడిగి, తడిస్తే అచ్చు దిగే పెన్సిల్‌తో గుర్తులు పెడతారు: చిప్ప అంచు, టెండన్, ముంగాలి ఎముక గట్టు, ఆ గోళీకాయ బుడిపె. మోకాలు కాస్త వంచి ఉంచి పిండికట్టు చుడతారు. అది గట్టిపడేలోపు రెండు బొటనవేళ్లతో టెండన్‌కు అటూఇటూ నొక్కి, మిగతా వేళ్లతో మోకాలి వెనక మెత్తటి చోట అదిమి పట్టుకుంటారు. పిండికట్టు ఊడదీసి, లోపల పెన్సిల్ గుర్తులు దిగాయో లేదో చూసి, అందులో మళ్లీ పిండి పోస్తే మొండికాలి అచ్చు వస్తుంది. ఆకురాయితో ఆ అచ్చును ఎక్కడ గీరాలి, ఎక్కడ పిండి అద్ది పెంచాలి అన్నది పుస్తకంలో ఉంటుంది, కానీ ఎంత అన్నది ఆ వేళ్లకే తెలుసు. సాకెట్ తయారయ్యాక మొండికాలి చివర అడుగున తగులుతోందో లేదో చూడటానికి కొందరు చిన్న బంకమట్టి ఉండ వేస్తారు, కొందరు లోపల లిప్‌స్టిక్ రాస్తారు. కాసేపు నడిపించి విప్పుతారు. అప్పుడు సంభాషణ ఇలా ఉంటుంది:

“ఎక్కడ ఒత్తుతోంది పెద్దాయనా, చిప్ప కిందేనా?”

“చిప్ప కింద మంచిగనే ఉన్నది సారూ. గీ పక్కన మండుతున్నది.”

పెద్దాయన మాట విని ఊరుకోకూడదు. చర్మం ఎర్రబడిన చోటు చూస్తారు. టెండన్ దగ్గర ఎరుపుంటే సరే, పది నిమిషాల్లో పోవాలి. బుడిపె మీద ఎరుపు పోకుండా ఉంటే సాకెట్ మళ్లీ వేడిచేసి అక్కడ ఉబ్బించాలి. షుగర్ ఉన్నవాళ్ల దగ్గరైతే మాటకన్నా ఎరుపునే నమ్మాలి.

మళ్లీ కార్బన్ పాదం దగ్గరికి వద్దాం. 1976లో 21 ఏళ్ల వాన్ ఫిలిప్స్ అనే అమెరికా కుర్రాడు నీళ్ల మీద స్కీయింగ్ చేస్తుండగా మోటారు పడవ తగిలి కాలు పోగొట్టుకున్నాడు. ఇచ్చిన పాదం నచ్చక తానే ప్రోస్థెటిక్స్ చదివి, 1980ల్లో కార్బన్ ఫైబర్‌తో ‘ఫ్లెక్స్-ఫుట్’ చేశాడు. బరువు పడితే వంగి, వదిలితే ముందుకు తోస్తుంది. అడిడాక్ ఆ వంశానిదే. ఖర్చు పదో వంతుకు దిగడం చిన్న సంగతి కాదు, నెలజీతం మీద బతికే ఇంటికి అది తలుపు తెరవడమే. కానీ బిరుసు పాదం మోకాలికి చేసే మేలూ కీడూ రెండూ ఎక్కువే. మూడు రకాలు చేయడం అందుకే తెలివైన పని. 50 కిలోల మనిషికి 100 కిలోలవాడి కోసం చేసిన పాదం పెడితే అది వంగనే వంగదు, ఆ తోపంతా మోకాలి వెనక్కి పోతుంది.

అందుకే రాయదుర్గం కుర్రాళ్లు చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. పాదం డీఆర్‌డీఎల్ చేసింది. మొండికాలిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో అచ్చు దిద్ది, సాకెట్ ప్రింటు తీయడం ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతోంది, ఇక్కడి యంత్రాలతోనూ వీలవుతుంది. స్కానర్ ఆకారాన్నే పట్టుకుంటుంది. ఎక్కడ మెత్తన, ఎక్కడ గట్టి, నొక్కితే ఎక్కడ జివ్వుమంటుంది అన్నది దానికి తెలియదు. ఆ బొటనవేళ్ల తెలివిని లెక్కల్లోకి ఎక్కించాలంటే ఒక ప్రోస్థెటిస్టును టీమ్‌లో మొదటి రోజు నుంచే కూర్చోబెట్టాలి, చివర్లో సలహాకు పిలిస్తే లాభం లేదు. మోకాలి మీద ఎంత భారం పడుతోందో చెప్పే చవక సెన్సరు ఒకటి సాకెట్‌లో అమర్చగలిగితే, స్పర్శ పోయిన షుగర్ రోగికి అది కార్బన్ పాదం కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

ఇంట్లో ఎవరికైనా ఆ ఆపరేషన్ తప్పదన్నారనుకోండి. కాలు తీసేముందే ప్రోస్థెటిస్టునూ ఫిజియోథెరపిస్టునూ ఒకసారి చూడమని డాక్టరును అడగండి. ఆపరేషన్ అయ్యాక మోకాలి కింద దిండు పెట్టనివ్వకండి, మోకాలు చాపి ఉంచే అలవాటు మొదటి రోజు నుంచే చేయించండి. కాలు పెట్టాక నొప్పి ఉంటే పాదం మార్చమనే ముందు మరలు సరిచేయించుకోండి. మొదటి ఏడాదిలో మొండికాలు కుంచించుకుపోతుంది, సాకెట్ కనీసం ఒక్కసారైనా మార్చాల్సి వస్తుంది. పాదం చవకైనందుకు మిగిలిన డబ్బును దానికి పక్కన పెట్టుకోండి.